శీతల పానీయములు – ఆప్తవాక్యము



మన కడప సీమలో వేసవి యెట్టిదో మీకు వర్ణించి చెప్ప నక్కఱలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఫాల్గుణము కడచునప్పటికే యరుగులమీది నాపరాళ్ళు కాలుచుండును. వైశాఖము వచ్చునప్పటికి పట్టపగలు వీధులలో మనుష్యసంచార ముండదు. అట్టి వేళ నింటికి వచ్చిన యతిథికి మొట్టమొదట దాహమిచ్చుట మన పెద్దల ధర్మము. కూడళ్ళలో చలివేంద్రములు పెట్టుటయు, అరుగుమీద నీళ్ళకుండ నుంచుటయు, బాటసారికి మజ్జిగ పోయుటయు నా ధర్మములోనివే. నేడా కుండ యుండిన చోట పెక్కిండ్లలో కూల్‌డ్రింకు సీసా వచ్చి కూర్చున్నది. చుట్టము గడపలో కాలుపెట్టగానే పిల్లవానిని అంగడికి పరుగెత్తింతుము. మజ్జిగ యిచ్చినచో చులకన చేసినట్లును, సీసా యిచ్చినచో గౌరవించినట్లును తలచుట యలవాటైనది. ఆసుపత్రిలో నున్న రోగిని చూడబోవువారు సైతము ఏదో యొక తీపినీళ్ళ ప్యాకెట్టును చేతబట్టుకొని పోవుచున్నారు.

ఈ పానీయములు మంచివి కావని మీలో ననేకులు వినియే యుందురు. విన్నను మానలేకపోవుటకు కారణము, మంచివని చెప్పు గొంతులు అంతకంటె నెక్కువగా చెవిని సోకుచుండుటయే. కావున నేడీ విషయమును వేఱొక త్రోవను విచారింతము. ఇవి బలమిచ్చును, అలసట తీర్చును, జీర్ణము చేయును అని మనకు చెప్పినవా రెవరు? వారి మాట యెంతవఱకు ప్రమాణము?

మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములను నాలుగుగా చెప్పియున్నారు. అందు శబ్దమనగా ఆప్తుని వాక్యము. ఆప్తుడనగా నిచ్చట చుట్టమని యర్థము కాదు. ఉన్నది యున్నట్లు పలుకువాడని యర్థము. ఉన్నది యున్నట్లు పలుకుటకు రెండు లక్షణము లావశ్యకములు. మొదటిది, పలుకువానికి ఆ సంగతి తెలిసియుండవలెను. రెండవది, లేనిదానిని పలుకుటవలన వానికి లాభము కలుగరాదు. ఎవరి చల్ల పుల్లనిదని వారు చెప్పరని మన సామెత. చల్ల యమ్మునామె చెడ్డదని దాని తాత్పర్యము కాదు. చల్ల రుచిని గుఱించి ఆమెనే యడిగి ఊరకుండరాదని మాత్రమే తాత్పర్యము. ఈ చిన్న సూత్రమును చేతబట్టుకొని శీతల పానీయముల కథను పరిశీలింతము.

నీళ్ళలో బొగ్గుపులుసు వాయువును కలిపి సోడా చేయు ఉపాయమును ఇంగ్లండు దేశమున జోసెఫ్ ప్రీస్ట్లీ యను శాస్త్రజ్ఞుడు 1767లో కనుగొని, 1772లో నొక చిన్న గ్రంథముగా ప్రకటించెను. ఆ కాలమున ఓడలపై దీర్ఘప్రయాణము చేయు నావికులకు చిగుళ్ళనుండి నెత్తురు కారి, నీరసించి, తుదకు ప్రాణములు పోవు స్కర్వీ యను వ్యాధి యుండెడిది. సోడానీళ్ళు దానికి మందగునని ప్రీస్ట్లీ యాశించెను. అవి మందు కాలేదు. ఆ వ్యాధిని నారింజలును నిమ్మపండ్లును కుదుర్చునని జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు 1747లోనే పరీక్షించి చూచియుండెను. అనగా సోడా పుట్టిన దినముననే దానికి మందను పేరు తగిలినది; మందు మాత్రము దానిలో లేదు. పులివెందుల తోటలలో కాయు మన చీనీకాయలు ఏ జాతివో, ఆ జాతి పండ్లలో నున్నది.

ప్రీస్ట్లీ తన సోడాను అమ్ముకొని ధనము గడింపలేదు. ఆయనది నిష్కపటమైన యూహ. తరువాతివారి సంగతి యట్లు కాదు. 1886లో అమెరికాలోని అట్లాంటా నగరమున జాన్ పెంబర్టన్ అను మందుల వ్యాపారి కోకాకోలాను తయారుచేసి, అది తలనొప్పికిని నరముల నీరసమునకును మేలుచేయునని ప్రకటించెను. 1898లో కేలబ్ బ్రాడమ్ అను మఱియొక మందుల వ్యాపారి తన పానీయమునకు పెప్సీకోలా యని పేరుపెట్టి, అది జీర్ణకారి యని చాటెను. 1929లో పుట్టిన సెవెనప్ అను పానీయమున 1948 వఱకు లిథియమను ఔషధలవణమును కలిపి యమ్మిరి. చూచితిరా! ఈ పానీయములు అంగడిలోనికి వచ్చినది వైద్యుని వేషముతోనే. కాలము మాఱిన కొలది వేషము మాఱినది గాని వేషము వేయుట మానలేదు. ఒకప్పుడు జీర్ణకారి, పిమ్మట శక్తి, నేడు విటమిను, పండ్లరసము, ఆటగాండ్ర పానీయము.

ఇక సీసాలోపల నేమున్నదో చూతము. వాయువు, నీళ్ళు, రంగు, పులుపు, వాసన, చక్కెర. మన యూళ్ళలో బండిమీద అమ్ము గోలీసోడా సీసాను హైరమ్ కాడ్ అను ఇంగ్లీషువాడు కల్పించి 1872లో హక్కు పొందెను. ఆ యుత్త సోడాలో వాయువు తప్ప వేఱు దోషము లేదు. నీళ్ళు శుభ్రమైనవైన చాలును. దోషమంతయు తీపిలో నున్నది. కోలా పానీయమునందు 100 మిల్లీలీటర్లకు సుమారు పదిన్నర గ్రాముల చక్కెర యుండును. 250 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 26 గ్రాములు, అనగా ఆఱు చెంచాలకు మించిన చక్కెర యున్నదన్నమాట. ఎవరైనను మీ కాఫీగ్లాసులో ఆఱు చెంచాల చక్కెర వేసినచో నోటబెట్టుకొందురా? కాని సీసాలోని పానీయము మిక్కిలి పుల్లనైనదగుటచేతను, చల్లదనము నాలుకను మొద్దుపఱచుటచేతను ఆ తీపి యంతయు మనకు తెలియదు. అన్నము తిన్నచో కడుపు నిండినట్లు తోచును. త్రాగిన చక్కెరకు కడుపు నిండదు. ఆ పులుపే పండ్లమీది గట్టి పూతను కొంచెము కొంచెముగా కరగించును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో నిట్లు చెప్పినది: పైనుండి కలుపుకొను చక్కెరవలనను, తేనె, పండ్లరసములవలనను వచ్చు శక్తి, మన దినాహారపు శక్తిలో నూటికి పది పాళ్ళు మించరాదు, ఐదు పాళ్ళకు తగ్గించుకొన్న మఱింత మేలు. ఐదు పాళ్ళనగా సుమారు 25 గ్రాములు. ఒక్క చిన్న సీసాతోనే ఆ దినపు లెక్క తీఱిపోవుచున్నది. మన దేశమున 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహరోగులు కలరని భారత వైద్యపరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగిన పరిశీలన 2023లో తెలిపినది. ఆ వ్యాధికి కారణము లనేకములు. వంశము, కూర్చుండు బ్రదుకు, తెల్లబియ్యము, స్థూలత్వము, అన్నియు కలవు. ఐనను వీనిలో త్రాగుడు తీపి ఒకటి. అందును సులభముగా మానదగినది.

ఇంత తెలిసియు లోకమేల యింత కాలము మోసపోయినదని మీరడుగవచ్చును. దానికి జవాబు కలదు. అమెరికాలో చక్కెర వర్తకుల సంఘము హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన పండితులకు ద్రవ్యమిచ్చి, గుండెజబ్బునకు కొవ్వే ముఖ్యకారణమనియు, చక్కెర దోషము స్వల్పమనియు తోచునట్లు వ్యాసము వ్రాయించినది. అది 1967లో నొక గొప్ప వైద్యపత్రికలో వెలువడినది. ద్రవ్యమిచ్చిన సంగతి మాత్రము అందు లేదు. పాత యుత్తరములను వెదకి పరిశోధకులు ఆ రహస్యమును బయటపెట్టినది 2016లో. నడుమ దాదాపు ఏబదియేండ్లు గడచినవి. మఱియొకటి: స్థూలత్వమునకు తిండికంటె వ్యాయామలోపమే ప్రధానకారణమని బోధించు పండితసంఘ మొకటి అమెరికాలో వెలసినది. దానికి మూలధనమిచ్చినది కోకాకోలా సంస్థయేనని 2015 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించినది. ఆ సంవత్సరము డిసెంబరు నాటికి సంఘము మూతపడినది.

వ్యాయామము మంచిదే, ఆ పండితులు చెప్పిన మాటలన్నియు నబద్ధములు కావు. కాని దాహము తీర్చుకొని నడువుడని చెప్పువాడు సీసా వర్తకుని సొమ్ము తినుచున్నప్పుడు, ఆ మాట ఆప్తవాక్యమగునా? తెలివి యున్నది, రెండవ లక్షణము లేదు.

ఇప్పుడు మన తెలుగునాటి సంగతికి వత్తము. ఇది ప్రాణములతో కూడిన సంగతి గనుక నెమ్మదిగా వినుడు.

వాంతులు, విరేచనములు పట్టిన పసిబిడ్డ నీరు కోల్పోయి గంటలలో నీరసించును. దానికి ఓ.ఆర్.ఎస్. అను పొడి గొప్ప మందు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగి, నరములకెక్కించు సెలైను చాలనప్పుడు దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు గ్లూకోజు, ఉప్పు, తినేసోడా నీళ్ళలో కలిపించి బిడ్డలకు త్రాగించెను. నూటికి ముప్పదిమంది వఱకు పోవుచుండిన చోట మరణములు నలుగురికి లోబడినవి. దీని మర్మము కొలతలో నున్నది. చక్కెరయు ఉప్పును తగిన పాళ్ళలో నున్నప్పుడు పేగు నీటిని లోపలికి పీల్చుకొనును. చక్కెర మితిమీఱినచో ఒంటిలోని నీటినే పేగులోనికి లాగి విరేచనములను హెచ్చించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారము లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, మఱి రెండు లవణములు ఉండవలెను.

కొన్ని సంస్థలవారు ఆ మందు పేరునే కొంచెము మార్చి తగిలించి తీపి పానీయములను ప్యాకెట్లలో నమ్మిరి. అందు కొన్నింటిలో లీటరు లెక్కకు 100 గ్రాములకు మించిన చక్కెర యుండెడిది. మందుల అంగళ్ళలో, ఆసుపత్రుల ముంగిట నవి మందులతో పాటు కూర్చున్నవి. తల్లులు వానినే అసలు మందని కొనిపోయిరి. హైదరాబాదులో శివరంజనీ సంతోష్ అను పిల్లల వైద్యురాలు దీనిని గుర్తించి, ఎనిమిది సంవత్సరముల కాలము ఒంటరిగా పోరాడినది. 2022లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానమున ప్రజాహిత వ్యాజ్యము వేసినది. ఆ సంవత్సరముననే ఒకసారి నిషేధము వచ్చుటయు, కొలది నెలలలో సడలుటయు జరిగినవి. తుదకు 2025 అక్టోబరు 14వ తేదీన భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ, వైద్యకొలతకు సరిపడని యే పానీయమును ఆ పేరు పెట్టుకొనరాదని యాజ్ఞాపించినది. ఆ వైద్యురాలి కీ పోరాటమున ధనలాభ మేమియు లేదు, కష్టమే మిగిలినది. తెలివియు కలదు, లాభాపేక్ష లేదు. ఆప్తురాలనగా నట్టిది.

ఆ ప్రమాణముల సంస్థయే 2024 ఏప్రిలులో మఱియొక మాట స్పష్టము చేసినది: మన ఆహారచట్టమున "ఆరోగ్య పానీయము" అను పదమునకు నిర్వచనమే లేదు, కావున పాలపొడి, మాల్టు పానీయములను ఆ శీర్షిక క్రింద అంతర్జాలపు అంగళ్ళలో నమ్మరాదు. అదే సంవత్సరము జూనులో, చిక్కబఱచిన రసమున నీళ్ళు కలిపి చేసిన పానీయముపై "నూటికి నూఱుపాళ్ళు పండ్లరసము" అని వ్రాయరాదని శాసించినది. అంతవఱకు ఆ వ్రాతలను ఎందఱు తల్లిదండ్రులు నమ్మి పిల్లలకు పోసిరో!

మన తెలుగువారిలో నింకొక యాప్తుని పేరు చెప్పవలెను. నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్ 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండు బాడ్మింటన్ విజేత యయ్యెను. ప్రకాశ్ పదుకోణె 1980లో గెలిచిన పిమ్మట ఆ గౌరవము పొందిన భారతీయు డాతడే. వెంటనే శీతల పానీయపు సంస్థ యొకటి తమ సీసాను పట్టుకొని బొమ్మ దిగినచో పెద్ద మొత్తము నిత్తుమని వచ్చినది. తాను త్రాగనిదానిని పిల్లలను త్రాగుడని చెప్పజాలనని యాతడు నిరాకరించెను. ఆ సమయమున నాతడు ధనరాశులమీద కూర్చున్నవాడు కాడు. తరువాత గచ్చిబౌలిలో క్రీడాశాల కట్టుటకు ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చినది. ఆ శాలలో శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2012లోను, సింధు 2016లోను ఒలింపిక్ పతకములు తెచ్చిరి. సీసా పట్టుకొని నవ్వు నటులమాట యొకవైపు, రావలసిన ధనమును వదలుకొని పలికిన యీ క్రీడాకారుని మాట యొకవైపు నుంచి తూచి చూడుడు. మాట చెప్పుటవలన వచ్చునది యెంత, పోవునది యెంత యని లెక్కించుటయే ఆప్తుని గుర్తించు సులభోపాయము.

ఐతే ఈ తూనిక ఇరువైపులకు చెల్లవలెను. మన పక్షమున చెప్పు అతిశయోక్తులను గూడ మనము నమ్మరాదు. ఒక్క రాత్రిలో దంతము కరగిపోవునని, త్రాగినవెంటనే ప్రాణము పోవునని ఫోనులలో తిరుగు కథలు ఆప్తవాక్యములు కావు. 2004లో గుంటూరు ప్రాంతమున కొందఱు రైతులు పైరులపై కోలాను పిచికారి చేసిరని పత్రికలు వ్రాసెను. దానినిబట్టి అది పురుగుమందని చాటినవారును కలరు. తీపికి చీమలు చేరి పురుగుల పిల్లలను తినుచుండవచ్చునని తెలిసినవారు సమాధానము చెప్పిరి. పురుగుమందుల అవశేషముల సంగతి వేఱు, అది నిజమైనదే. 2003 ఆగస్టులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రము 12 రకముల పానీయములలో వానిని చూపినది. సంస్థలు కాదనెను. 2004 ఫిబ్రవరిలో పార్లమెంటు సంయుక్త సంఘము ఆ కేంద్రము చెప్పినది సరియే యని తేల్చినది. ఆ విషము మన పొలములలో చల్లినదే భూగర్భజలముద్వారా సీసాలోనికి పోయినదని మఱువరాదు. అవశేషములు తొలగించిన పిమ్మటను సీసాలో చక్కెర యట్లే యుండును.

అట్లే మన సొంత పానీయములను గూడ నిజాయితీతో చూడవలెను. బెల్లపు పానకమును, సుగంధి షర్బత్తును, చక్కెర వేసిన చీనీరసమును తీపినీళ్ళే. పండుగనాడు చెల్లును; ప్రతిదినము చెల్లదు. చీనీకాయను పిండి త్రాగుటకంటె తొనలు వలిచి తినుట మేలు. పీచు కడుపులోనికి పోవును, తీపి నెమ్మదిగా దిగును. చక్కెరలేని "డైట్" సీసాలను చూచియు భ్రమపడనక్కఱలేదు. బరువు తగ్గుటకై కృత్రిమపు తీపులను వాడవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సలహా యిచ్చినది.

మానదలచినవారికి రెండు మాటలు. కోలాలలో కెఫీను కలదు. దినదినము త్రాగువాడు ఒక్కసారి మానినచో రెండు మూడు నాళ్ళు తలనొప్పి రావచ్చును. అది మానుటవలని కీడు కాదు, అలవాటు విడుచు గుర్తు. వారము పది దినములలో కొంచెము కొంచెముగా తగ్గించి మానినచో ఆ బాధయు నుండదు. త్రాగు వేళను ఖాళీగా నుంచక ఆ వేళకే వేఱొకటి యమర్చుకొనవలెను. అల్లము, కొత్తిమీర, చిటికెడుప్పు వేసిన పలుచని మజ్జిగ. నిమ్మకాయ పిండిన నీళ్ళు. ఉదయమున రాగి అంబలి. ఏదియు లేనప్పుడు మంటికుండలోని నీళ్ళు. కుండ పైభాగమున ఊరిన నీరు ఆవిరియగుచు లోని నీటిని చల్లబఱచును. రక్తపుపోటు గలవారు మజ్జిగలో ఉప్పు తగ్గించుకొనవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు కొబ్బరినీళ్ళను వైద్యునడిగి త్రాగవలెను. ఇంటిలో బిడ్డకు విరేచనములైనచో అంగడి ప్యాకెట్టుకై పోక, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునుండి గాని, ఊరిలోని ఆశా కార్యకర్తనుండి గాని అసలైన ఓ.ఆర్.ఎస్. పొడిని తెచ్చి, పొట్లముపై నున్న కొలత ప్రకారము నీళ్ళలో కలిపి త్రాగింపుడు.

పెద్దలారా! తుదిమాట మీకే చెప్పవలసియున్నది. పెండ్లిపందిటిలో నేమి పోయవలెనో, జాతరలో చలివేంద్రమున నేమి యుంచవలెనో, ప్రొద్దుటూరి దసరా వేడుకలకు వచ్చిన బంధువున కేమి యందింపవలెనో నిర్ణయించువారు మీరు. పిల్లలు ప్రకటనను చూచి యడుగుదురు. కాని గౌరవమనగా నేమో పెద్దలను చూచి నేర్చుకొందురు. మీరు పదిమంది యెదుట సీసాను ప్రక్కకు నెట్టి, "మాకు మజ్జిగ తెండు" అని యొక్కమాట యన్నచో, మఱునాటినుండి ఆ యింట మజ్జిగ యిచ్చుట చులకన కాదు. ఆ మాట చెప్పుటవలన మీకు వచ్చు లాభము లేదు. ఏండ్ల తరబడి తిని, త్రాగి, బ్రదికి చూచిన తెలివి మీకున్నది. కనుక మీ యూరిలో ఈ విషయమున ఆప్తులు మీరే. టీవీలోని నటునికంటె మీ మాట నూఱంతలు ప్రమాణము. ఆ ప్రమాణమును వాడుకలో పెట్టుడు.